స్పెక్ట్రమ్ కొనే ముందు: పేరు కాదు, లోపలి బోర్డు చూడండి

"పాత జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ఒకటి కొనాలని ఉంది, ఏది తీసుకోమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: "సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చా?" కాస్త మొరటు ప్రశ్నే. కానీ జవాబులో సగం అక్కడే తేలిపోతుంది. 1980ల నాటి ఈ ఇంటి కంప్యూటర్లలో అన్నిటికన్నా చిన్నదానికీ ముప్ఫై ఏళ్ళు దాటాయి. మంచి కండిషన్ అని అమ్మేదాన్ని కూడా ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సి వస్తుంది.

సింక్లెయిర్ రీసెర్చ్ స్పెక్ట్రమ్‌ను 1982 ఏప్రిల్ 23న బయటపెట్టింది. 16కె మెమరీది 125 పౌండ్లు, 48కెది 175 పౌండ్లు. నాలుగేళ్ళ తర్వాత, 1986 ఏప్రిల్‌లో, సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారాన్ని ఆమ్‌స్ట్రాడ్ 50 లక్షల పౌండ్లకు కొనేసింది. ఈ రెండు కంపెనీల చేతుల్లో అదే పేరుతో ఏడెనిమిది రకాలు వచ్చాయి. అన్నిటిలో ఉన్నది జెడ్80 ప్రాసెసరే, వేగం సుమారు 3.5 మెగాహెర్ట్జ్. బొమ్మ 256 బై 192 చుక్కలు, 15 రంగులు. ప్రతి ఎనిమిది బై ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు పడతాయి కాబట్టి, బొమ్మ కదిలినప్పుడు రంగులు ఒకదాని మీదికి ఒకటి పాకే జబ్బు కూడా అన్నిటికీ ఉంది.

మరి తేడా ఎక్కడ? లోపలి బోర్డులో. బయట పెట్టెలు ఎన్ని ఉన్నా లోపల ఉన్నవి మూడే కుటుంబాలు. మొదటిది 48కె బోర్డు: రబ్బరు కీల మెషిన్, స్పెక్ట్రమ్ ప్లస్ దీని మీదే నడుస్తాయి. రెండోది సింక్లెయిర్ 128 బోర్డు: అసలు 128, ఆ తర్వాత ఆమ్‌స్ట్రాడ్ అమ్మిన గ్రే ప్లస్ 2. మూడోది ఆమ్‌స్ట్రాడ్ సొంతంగా మళ్ళీ గీసుకున్న బోర్డు: నల్ల ప్లస్ 2ఎ, ప్లస్ 2బి, ప్లస్ 3. చిక్కంతా పేర్లతోనే. గ్రే ప్లస్ 2, నల్ల ప్లస్ 2ఎ పక్కపక్కన పెడితే రంగు మార్చిన కవలల్లా ఉంటాయి. లోపల మాత్రం గ్రేది 128కి చుట్టం, నల్లది డ్రైవ్ తీసేసిన ప్లస్ 3. ఒకదాని వీడియో కేబుల్ ఇంకోదానికి పెట్టకూడదు. ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి పట్టదు. ప్రకటనలో "ప్లస్ 2" అని మాత్రమే రాసి ఉంటే ఫొటోలో రంగు చూడండి.

ముందు ఏవి చూడాలి

మెమరీ ఎంత, శబ్దం ఎలా ఉంటుంది అన్న లెక్కలే అందరూ మొదట చూస్తారు. నా మట్టుకు అవి చివర్లో వచ్చే సంగతులు. వాడకంలో రోజూ ఎదురయ్యేవి వేరే ఉన్నాయి.

కరెంటు, మెమరీ చిప్‌లు మొదటిది. మెషిన్ చచ్చిపోతే ఎక్కువగా ఇక్కడే. రెండోది కీబోర్డు. స్పెక్ట్రమ్ కీలన్నిటి కిందా పలచటి ప్లాస్టిక్ మెంబ్రేన్ ఉంటుంది, వయసుతో అది పెళుసెక్కుతుంది. మూడోది తెర. అన్ని మోడళ్ళూ యాంటెన్నా సాకెట్‌లో పెట్టే సిగ్నల్ ఇస్తాయి, యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్ దగ్గర వెతుక్కోవాలి. అనలాగ్ ట్యూనర్ లేని కొత్త టీవీలో అది రానే రాదు. వేరే దారి ఉందా, ఎంత పని పడుతుంది అన్నది చూసుకోవాలి. సిగ్నల్ పాల్ పద్ధతిది, సెకనుకు 50 ఫ్రేములు. మీ టీవీ దాన్ని తీసుకుంటుందో లేదో ముందే చూడండి.

నాలుగోది ప్రోగ్రామ్ ఎక్కించే దారి. ఒక గేమ్ కోసం ఐదు నిమిషాలు టేపు కీచుమంటుంటే వినడం మొదటి వారం ముద్దుగానే ఉంటుంది. రెండో వారానికి అందరూ ఎస్‌డీ కార్డు పెట్టే డివ్ఎంఎంసీ లాంటి ఇంటర్ఫేస్ వైపు చూస్తారు. అది మీ మోడల్ వెనక కనెక్టర్‌కు సరిపోతుందా అన్నది అప్పుడు పెద్ద ప్రశ్న అవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఎంతవరకు నడుస్తుందన్నది ఐదోది. ఇది చాలామంది అనుకున్నంత పెద్ద సమస్య కాదు, అలాగని అసలు లేదనీ అనలేం.

| మోడల్ | వచ్చిన ఏడు | బోర్డు కుటుంబం | శబ్దం | టేపు / డిస్కు | కరెంటు |
|---|---|---|---|---|---|
| రబ్బరు కీల 16కె, 48కె | 1982 | మొదటిది | బీపర్ | బయటి క్యాసెట్ ప్లేయర్ | 9 వోల్టులు, ప్లగ్ మధ్యలో నెగెటివ్ |
| స్పెక్ట్రమ్ ప్లస్ | 1984 | మొదటిది | బీపర్ | బయటి క్యాసెట్ ప్లేయర్ | అదే |
| 128 | 1985 (స్పెయిన్), 1986 (బ్రిటన్) | రెండోది | ఏవై అనే సంగీత చిప్, 3 ఛానెళ్ళు | బయటి క్యాసెట్ ప్లేయర్ | 9 వోల్టులు, మధ్యలో నెగెటివ్, ఎక్కువ కరెంటు |
| గ్రే ప్లస్ 2 | 1986 | రెండోది | ఏవై చిప్ | లోపలే క్యాసెట్ | అదే |
| నల్ల ప్లస్ 2ఎ, 2బి | ప్లస్ 3 తర్వాత | మూడోది | ఏవై చిప్ | లోపలే క్యాసెట్ | 5, 12, మైనస్ 12 వోల్టులు, ప్రత్యేక ప్లగ్ |
| ప్లస్ 3 | 1987 | మూడోది | ఏవై చిప్ | లోపలే 3 అంగుళాల డిస్కు | అదే |

రబ్బరు కీల 48కె

స్పెక్ట్రమ్ అనగానే కళ్ళ ముందు మెదిలేది ఇదే. అరచేతికి కాస్త పెద్దగా, నల్లగా, మూలన నాలుగు రంగుల చారతో. డిజైన్ రిక్ డికిన్సన్‌ది. హార్డ్‌వేర్ రిచర్డ్ ఆల్ట్‌వాసర్, లోపలుండే బేసిక్ ప్రోగ్రామింగ్ భాష స్టీవ్ విక్కర్స్ చేశారు. షెల్ఫ్ మీద పెట్టుకుంటే దీని అందం వేరు. టైపు చేస్తే మాత్రం చచ్చిన రబ్బరు బంతిని నొక్కినట్టు ఉంటుంది. 40 కీలు, ఒక్కో కీ మీద ఐదారు పనులు. జె నొక్కితే తెర మీద లోడ్ అనే మాట మొత్తం పడుతుంది, సింబల్ షిఫ్ట్‌తో పి రెండుసార్లు నొక్కితే కొటేషన్లు. అలవాటయ్యేదాకా తిట్టుకుంటారు. అలవాటయ్యాక వేరే కీబోర్డు మీద జె నొక్కి ఎదురుచూస్తారు.

అసలు సంగతి లోపల ఉంది. మొదటి 16కె మెమరీ 4116 రకం చిప్‌లు ఎనిమిది. వీటికి మూడు వోల్టేజీలు కావాలి: 5, 12, మైనస్ 5. బయటి నుంచి వచ్చేది 9 వోల్టులే కాబట్టి, మిగతా రెండూ బోర్డు మీదే ఒక కాయిల్, రెండు ట్రాన్సిస్టర్లతో తయారవుతాయి. ఆ ట్రాన్సిస్టర్ పోతే మైనస్ 5 వోల్టులు ఆగిపోతాయి, మిగతావి వస్తూనే ఉంటాయి. 4116 చిప్‌లు దాన్ని తట్టుకోలేవు. ఆన్ చేయగానే తెల్ల తెర మీద కాపీరైట్ వాక్యం బదులు నిలువు చారలో, రంగు గళ్ళో కనిపిస్తే చాలాసార్లు కథ ఇదే. బాగు చేయడం కష్టం కాదు, విడిభాగాలు దొరుకుతాయి. ఒక్కో చిప్ తీసి సాకెట్ వేసే ఓపిక మాత్రం ఉండాలి.

మెంబ్రేన్ విషయంలో ఒక హెచ్చరిక. కీబోర్డు బాగానే పనిచేస్తున్న మెషిన్‌ను లోపల ఎలా ఉందో చూద్దామని విప్పితే, పెళుసెక్కిన మెంబ్రేన్ తోక అక్కడే చిట్లిపోవచ్చు. కొత్త మెంబ్రేన్‌లు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి, విప్పే ముందే ఒకటి తెప్పించుకోండి. పైనున్న లోహపు పలక జిగురుతో అతికించి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి నెమ్మదిగా లేపాలి. తొందరపడితే వంగుతుంది, వంగిన పలక మళ్ళీ చదును కాదు.

తెర సమస్యకు మందు తేలిక. యాంటెన్నా సిగ్నల్ తయారుచేసే మాడ్యులేటర్‌ను పక్కకు తప్పించి, టీవీ వీడియో సాకెట్ తీసుకునే కాంపోజిట్ సిగ్నల్‌ను అదే సాకెట్‌కు పంపాలి. రెండు మూడు సోల్డర్ చుక్కల పని. అమ్మేవాళ్ళు "కాంపోజిట్ మాడ్ చేశాం" అంటే అది తప్పు కింద కాదు, మంచి కింద లెక్కేసుకోండి.

ఇష్యూ నంబర్ల గురించి, అంటే బోర్డు ఎన్నో కూర్పు అన్నదాని గురించి, పాత మెషిన్లు సేకరించే కలెక్టర్లు గంటలు మాట్లాడతారు. ఇష్యూ 1 కీలు లేత బూడిద రంగు, ఇష్యూ 2 నుంచి నీలి బూడిద. ఇష్యూ 1 బోర్డు మీద తయారీలో దొర్లిన పొరపాటును సరిదిద్దడానికి ఒక చిప్‌ను కాళ్ళు పైకి పెట్టి అతికించారు, దానికి చచ్చిన బొద్దింక అని పేరు. గేమ్‌లు ఆడుకునేవాళ్ళకు ఒకే ఒక్క తేడా ముఖ్యం. కీబోర్డు చదివేటప్పుడు ఇష్యూ 2, ఇష్యూ 3 బోర్డుల నుంచి వచ్చే విలువలో ఒక బిట్ తేడా ఉంటుంది. అందువల్ల మొదటి రోజుల్లో రాసిన కొన్ని గేమ్‌లు ఇష్యూ 3 మీద కీలను గుర్తించవు. అవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, భయపడక్కర్లేదు.

16కె మోడల్? మెమరీ చిప్‌లు పెట్టే స్థానాలు ఖాళీగా ఉంటాయి, వాటిని నింపి 48కె చేయొచ్చు. అలా చేయకపోతే దాని మీద నడిచే గేమ్‌లు చాలా తక్కువ. అలంకారం కోసమైతే సరే.

స్పెక్ట్రమ్ ప్లస్

దీని గురించి ఎక్కువ చెప్పడానికి ఏం లేదు. 1984 అక్టోబర్‌లో వచ్చింది. అదే 48కె బోర్డును గట్టి ప్లాస్టిక్ కీలున్న పెద్ద పెట్టెలో పెట్టి, పక్కన రీసెట్ బటన్ ఇచ్చారు. ఆ రీసెట్ బటన్ నిజంగా పెద్ద మేలు. పాత మోడల్‌లో గేమ్ మధ్యలో బయటికి రావాలంటే ప్లగ్ పీకడమే, మాటిమాటికీ పీకితే మెమరీ చిప్‌లకు మంచిది కాదు.

కీబోర్డు చూడటానికి అసలైన కీబోర్డులా ఉంటుంది. కింద మాత్రం మెంబ్రేనే, అదీ పొరలు ఎక్కువున్న రకం. కాబట్టి మార్చుకోవాల్సిన రోజు దీనికీ వస్తుంది. పాత రబ్బరు మెషిన్‌ను ప్లస్‌గా మార్చుకునే కిట్లు అప్పట్లో అమ్మారు, అందుకే ప్లస్ పెట్టెలో ఏ ఇష్యూ బోర్డైనా ఉండొచ్చు. దీన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు. రబ్బరు మోడల్ పెట్టెలు, కీలు ఇప్పుడు కొత్తగా తయారవుతున్నాయి, బోర్డు వాటిలో సరిగ్గా కూర్చుంటుంది. రబ్బరు మెషిన్ కావాలి కానీ మంచిది దొరకడం లేదు అనేవాళ్ళకు ఇది దొడ్డిదారి.

128

కుడి పక్కన పొడవునా నల్లటి హీట్ సింక్ బయటికి కనిపిస్తుంది. అందుకే దీన్ని టోస్ట్ పెట్టే స్టాండుతో పోల్చి టోస్ట్ ర్యాక్ అంటారు. స్పానిష్ కంపెనీ ఇన్వెస్ట్రోనికాతో కలిసి చేశారు. 1985లో ముందు స్పెయిన్‌లో, 1986 మొదట్లో బ్రిటన్‌లో వచ్చింది. కొన్ని నెలలకే వ్యాపారం ఆమ్‌స్ట్రాడ్ చేతికి పోయింది. అంటే సింక్లెయిర్ అమ్మిన చివరి స్పెక్ట్రమ్ ఇదే.

మంచివి: మూడు ఛానెళ్ళ ఏవై సంగీతం, మూడు రంగులను విడివిడిగా పంపే ఆర్‌జీబీ వీడియో సాకెట్, మామూలుగా అక్షరం అక్షరం టైపు చేసుకునే బేసిక్ ఎడిటర్. ఇందులోని 4164 రకం మెమరీ చిప్‌లకు 5 వోల్టులు చాలు, కాబట్టి 48కెలో చెప్పిన ఆ మైనస్ 5 గొడవ ఇక్కడ లేదు. హీట్ సింక్ బయట ఉండటంతో లోపలి వేడి కూడా తక్కువ.

చెడ్డది ఒకటే: కలెక్టర్లు దీని వెంట పడతారు, కాబట్టి ఇదే పని చేసే గ్రే ప్లస్ 2 కన్నా ఎప్పుడూ ఖరీదెక్కువ. ఆడుకోవడానికి, ప్రోగ్రాములు రాయడానికి అయితే ఆ అదనపు డబ్బుకు వచ్చేది కేవలం రూపం. ఆ రూపమే కావాలంటే నేను కాదనను. చూస్తే నాకూ మనసు లాగుతుంది.

గ్రే ప్లస్ 2

సోల్డరింగ్ పెద్దగా రాని వాళ్ళకు నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఇదే. 1986లో 149 పౌండ్లకు వచ్చింది. ఆమ్‌స్ట్రాడ్ పేరు మీద అమ్మినా లోపల దాదాపు సింక్లెయిర్ 128. కీలు నిజంగా స్ప్రింగుల మీద కదులుతాయి, గంటసేపు టైపు చేసినా వేళ్ళు నొప్పెట్టవు. క్యాసెట్ ప్లేయర్ పక్కనే ఉంది. రెండు జాయ్‌స్టిక్ సాకెట్లున్నాయి.

ఆ సాకెట్లలో మెలిక ఉంది. ఆకారం అటారీ జాయ్‌స్టిక్‌కు పట్టేదే, వైరింగ్ మాత్రం ఆమ్‌స్ట్రాడ్ తనకు నచ్చినట్టు మార్చుకుంది. మామూలు జాయ్‌స్టిక్ పెడితే లోపలికి వెళ్తుంది, పనిచేయదు. చిన్న అడాప్టర్ ముక్క కావాలి. నల్ల మోడళ్ళలోనూ, ప్లస్ 3లోనూ ఇదే తంతు.

క్యాసెట్ లోపలే ఉండటం వరమూ, శాపమూ. దాని బెల్టు కాలంతో సాగిపోతుంది లేదా జిడ్డు జిగురుగా కరిగిపోతుంది. కొత్త బెల్టు వేయడం అరగంట పని, పాత జిగురు తుడవడానికి ఇంకో గంట. బయటి నుంచి టేపు శబ్దం లోపలికి పంపే సాకెట్ లేదు. 48కెలో అయితే ఫోన్‌లో టేపు ఫైలు ప్లే చేసి తీగతో ఇయర్ సాకెట్‌లో పెడితే చాలు. ఇక్కడ ఆ దారి మూసేశారు. కారు స్టీరియోలో వాడే క్యాసెట్ ఆకారపు అడాప్టర్ పెట్టి కొందరు పని కానిచ్చేస్తారు. టేపు హెడ్ కోణం కాస్త అటూ ఇటూ ఉంటే అదీ మొండికేస్తుంది. ఎస్‌డీ కార్డు ఇంటర్ఫేస్ కొనేస్తే ఈ గొడవంతా మర్చిపోవచ్చు. 48కె కోసం తయారైన ఇంటర్ఫేస్‌లు చాలావరకు దీని వెనక బాగానే నడుస్తాయి.

వీడియోకు ఇది హాయి. ఆర్‌జీబీ సాకెట్‌లోనే కాంపోజిట్ సిగ్నల్ కూడా ఉంది. మెషిన్ విప్పకుండానే సరైన కేబుల్‌తో మంచి బొమ్మ వస్తుంది. శబ్దానికి వేరే సాకెట్ ఉంది.

48కె గేమ్‌లకు మెనూలో 48 బేసిక్ ఎంచుకుంటే చాలు. టైమింగ్‌లో కొద్ది తేడా ఉంది. 48కె ఒక ఫ్రేమ్‌కు 69,888 గడియార దెబ్బలు తీసుకుంటే 128 కుటుంబం 70,908 తీసుకుంటుంది. మామూలు గేమ్‌లకు ఇది తెలియను కూడా తెలియదు. మెషిన్ సత్తా చూపడానికి రాసే, తెర అంచుల్లో రంగు చారలు గీసే డెమో ప్రోగ్రాములకు తెలుస్తుంది.

నల్ల ప్లస్ 2ఎ, 2బి

పని చేసేవి తేలిగ్గా దొరికేది ఈ రకంలోనే. లోపల చిప్‌లు తక్కువ: 128కె మెమరీ మొత్తం నాలుగు చిప్‌లలో సరిపెట్టారు. వోల్టేజీలన్నీ బయటి అడాప్టర్ నుంచే వస్తాయి కాబట్టి బోర్డు చల్లగా ఉంటుంది. బాగు చేసేవాళ్ళను అడిగితే తమ దగ్గరికి తక్కువగా వచ్చేది ఇదే అంటారు. మరి అందరికీ ఇదే ఎందుకు చెప్పను?

మొదటి కారణం వెనక కనెక్టర్. ఆమ్‌స్ట్రాడ్ అందులో కొన్ని సిగ్నళ్ళు మార్చింది, కొన్ని తీసేసింది. సింక్లెయిర్ ఇంటర్ఫేస్ 1, దాని మీద నడిచే మైక్రోడ్రైవ్ అనే చిన్న టేపు డ్రైవ్‌లు పనిచేయవు. 48కె కోసం చేసిన కొన్ని పాత జాయ్‌స్టిక్ ఇంటర్ఫేస్‌లూ మొరాయిస్తాయి. ఎస్‌డీ కార్డు ఇంటర్ఫేస్ కొనేటప్పుడు ప్లస్ 2ఎ, ప్లస్ 3లతో పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి.

రెండోది ఆర్‌జీబీ కేబుల్. సాకెట్ ఆకారం గ్రేదానిలాగే ఎనిమిది పిన్నులది. కానీ గ్రేలో కాంపోజిట్ వచ్చే పిన్ను మీద ఇక్కడ 12 వోల్టులు వస్తాయి. గ్రే కేబుల్‌ను నల్లదానికి పెట్టడమంటే టీవీ వీడియో సాకెట్‌లోకి 12 వోల్టులు పంపడమే. కేబుల్ కొనేటప్పుడు మోడల్ పేరు ఒకటికి రెండుసార్లు చూడండి. శబ్దం ఈ సాకెట్‌లోనే వస్తుంది కాబట్టి సరైన కేబుల్ ఉంటే ఒక్క తీగతో పనైపోతుంది, అదొక సుఖం.

మూడోది సంగీతం. ప్లస్ 2ఎ, ప్లస్ 3 బోర్డుల్లో ఏవై శబ్దం చీలినట్టు, గరగరగా వస్తుంది. ఇది డిజైన్‌లో ఉన్న లోపం. కొన్ని విడిభాగాలు మారిస్తే పోతుంది, ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. సంగీతం కోసమే 128 కొనేవాళ్ళు మాత్రం ఇది లెక్కలో పెట్టుకోవాలి.

నాలుగోది కొన్ని గేమ్‌లు. తెర గీస్తున్నప్పుడు డేటా బస్ మీద, అంటే చిప్‌లను కలిపే తీగల మీద, తేలే విలువను చదివి టైమింగ్ పట్టుకునే గేమ్‌లు కొన్ని ఉన్నాయి. ఆ విలువ పాత బోర్డుల్లోలా ఇక్కడ రాదు, అవి ఆగిపోతాయి. నూటికి తొంభై మందికి ఇది ఎప్పుడూ ఎదురుకాదు. ఎదురైతే మాత్రం మీకు బాగా ఇష్టమైన గేమ్ దగ్గరే ఎదురవుతుంది, అదేమిటో.

ప్లస్ 3

కాగితం మీద అన్నిటికన్నా గొప్పది ఇదే. డిస్కు డ్రైవ్ ఉంది, సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది, గేమ్ క్షణాల్లో ఎక్కుతుంది. 1987లో 249 పౌండ్లకు వచ్చింది, తర్వాత 199కి దించారు.

చిక్కు ఆ డ్రైవ్‌తోనే. ప్రపంచమంతా 3.5 అంగుళాల వైపు వెళ్తుంటే ఆమ్‌స్ట్రాడ్ 3 అంగుళాల డిస్కు పట్టుకుంది. ఒక్కో వైపు 173కె, రెండో వైపు చదవాలంటే తీసి తిప్పి పెట్టాలి. ఆ డిస్కులు ఇప్పుడు ఎవరూ తయారు చేయరు. డ్రైవ్‌లో రబ్బరు బెల్టు ఉంటుంది, ఇన్నేళ్ళు కదలకుండా ఉన్నదైతే అది పోయిందనే అనుకోండి. అసలైన డ్రైవ్‌ను ఉంచుకుని బాగు చేసుకుంటారా, లేక తీసేసి యూఎస్‌బీ పెట్టే గోటెక్ డ్రైవ్ బిగిస్తారా అన్నది ముందే తేల్చుకోండి. రెండో డ్రైవ్ సాకెట్‌కు బయట 3.5 అంగుళాల డ్రైవ్ తగిలించుకునే మధ్యే మార్గమూ ఉంది. టేపు గేమ్‌లు కావాలంటే బయటి క్యాసెట్ ప్లేయర్, దానికి తీగ కూడా కావాలి. నల్ల ప్లస్ 2ఎకి చెప్పిన నాలుగు ఇబ్బందులూ దీనికి అలాగే వర్తిస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, సీపీ/ఎం మీద ఆసక్తి లేనివాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఎస్‌డీ కార్డు వచ్చాక దీని వేగం గొప్పతనం కాస్తా తగ్గిపోయింది.

ఎవరికి ఏది

చిన్నప్పుడు ఆడిన గేమ్ మళ్ళీ ఆడాలని ఉండి, బాగు చేసే పని మీద ఆసక్తి లేకపోతే: గ్రే ప్లస్ 2, దానికి ఒక ఎస్‌డీ కార్డు ఇంటర్ఫేస్. చేతిలో డబ్బు తక్కువగా ఉండి, కేబుల్, ఇంటర్ఫేస్ జాగ్రత్తగా ఎంచుకుంటానంటే నల్ల ప్లస్ 2ఎ కూడా ఫరవాలేదు.

ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలని ఉంటే రబ్బరు 48కె కన్నా మంచి గురువు దొరకదు. చిప్‌లు పెద్దవి, బోర్డు ఖాళీగా ఉంటుంది, సర్క్యూట్ ప్రతి తీగా తెలిసిందే. కావాలనే పాడైపోయినదాన్ని కొనండి. బాగైనదాన్ని కొని పాడుచేయడం కన్నా అది చవక. తెర బొమ్మను గీసే ఫెరాంటి యూఎల్ఏ చిప్ పోయినా ఇప్పుడు దాని చోట పెట్టడానికి కొత్తగా చేసినవి ఉన్నాయి.

అసెంబ్లీ భాషలో గేమ్ రాయాలనుకునేవాళ్ళకు నాదొక విన్నపం: రాయడం ఎమ్యులేటర్‌లో (మామూలు కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్‌లా నటించే సాఫ్ట్‌వేర్), పరీక్షించడం నిజమైన 48కె మీద. 48కె మీద నడిచేది చాలావరకు మిగతా అన్నిటి మీదా నడుస్తుంది, అటు నుంచి ఇటు అలా కాదు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన డెమోలే మీ ప్రాణమైతే అసలు ఈ జాబితాలో ఏదీ మీకు సరిపోదు. వాటిలో చాలా పెంటగాన్ అనే స్పెక్ట్రమ్ నకలు మెషిన్ టైమింగ్ చూసుకుని రాసినవి, ఫ్రేమ్‌కు 71,680 దెబ్బలు.

అసలు పాత వస్తువు మీద మమకారం ఏమీ లేదు, గేమ్‌లే కావాలి అంటే ఏదీ కొనకండి. ఫ్యూజ్ లాంటి ఎమ్యులేటర్ ఉచితం, అన్ని మోడళ్ళూ అందులోనే ఉన్నాయి. నిజమైన కీబోర్డు, హెచ్‌డీఎంఐ రెండూ కావాలంటే 2017లో జనం చందాలతో మొదలైన స్పెక్ట్రమ్ నెక్స్ట్ ఉంది.

కొనే రోజు

అడాప్టర్ గురించి నా సొంత నష్టం చెబుతాను. నేను కొన్న మొదటి 48కెకి అడాప్టర్ లేదు. అమ్మినాయన "9 వోల్టులది ఏదైనా పర్లేదు" అన్నాడు. నేనూ నమ్మి, వేరే పరికరానిది తీసి పెట్టాను. అది మధ్యలో పాజిటివ్ ఉన్నది. చిన్న శబ్దమైనా రాలేదు, పొగా రాలేదు, తెర మీద చారలు మాత్రం వచ్చాయి. ఒక ట్రాన్సిస్టర్, మూడు మెమరీ చిప్‌లు మార్చాక గానీ లేవలేదు. మొదటి రెండు కుటుంబాలకూ మధ్యలో నెగెటివ్ ఉన్న 9 వోల్టుల అడాప్టర్ కావాలి. అప్పటి అసలైన అడాప్టర్ ఉన్నా సరే, దాని వోల్టేజీ స్థిరంగా ఉండదు కాబట్టి, 2 ఆంపియర్ల కొత్త రెగ్యులేటెడ్ అడాప్టర్ మేలు. లోపలి రెగ్యులేటర్ కూడా తక్కువ వేడెక్కుతుంది.

అమ్మేవాళ్ళు పంపే ఫొటోల్లో కాపీరైట్ వాక్యం కనిపించగానే "పనిచేస్తోంది" అనుకోకండి. ఆన్ చేసినప్పుడు మెషిన్ మెమరీ ఎంతవరకు బాగుందో చూసుకుంటుంది. పై 32కె పాడైనా, కింది 16కె బాగుంటే అదే వాక్యం అంతే అందంగా వస్తుంది. 48కె అని అమ్మేది నిజంగా 48కెనా అన్నది తెలుసుకోవడానికి ప్రింట్ పీక్ 23732 ప్లస్ 256 ఇంటూ పీక్ 23733 అని టైపు చేయించండి. 65535 వస్తే మెమరీ మొత్తం ఉంది. 32767 వస్తే పైది పోయింది, లేదా అది అసలు 16కె మోడలే. ఈ వాక్యం టైపు చేయించడంలో ఇంకో లాభం: పై వరుస అంకెల కీలన్నీ కాకపోయినా సగం పనిచేస్తున్నాయని అక్కడే తెలిసిపోతుంది. 128 కుటుంబంలో బ్రేక్ కీ నొక్కి పట్టి రీసెట్ చేస్తే రంగు చారల పరీక్ష తెర వస్తుంది, దాని ఫొటో అడగండి. ప్లస్ 3 అయితే డిస్కు చదువుతున్న వీడియో, శబ్దంతో సహా అడగండి. మోటారు తిరుగుతున్న శబ్దం ఉండి డిస్కు తిరగకపోతే బెల్టు పోయినట్టే, అంతమేరకు బేరం ఆడొచ్చు.